ఎయ్దెర్ నుంచి సిగ్నేకి

బార్బ్రో చేతి రేడియో సముద్రంలో పడిపోయిందని విన్నప్పుడు హెన్నింగ్‌కి లోలోపల సంతోషమే కలిగింది. పైకి మాత్రం "అయ్యో" అన్నాడు.

"అయ్యో అంటే పైకి తేలుతుందా? ఒక్క బుడగ వదలకుండా తిన్నగా అడుక్కి పోయింది. బండరాయయినా కాస్త తటపటాయించేది," అంది బార్బ్రో. గ్రోహోల్మ్ రేవు గట్టు మీద కాళ్లు వేలాడేసుకుని కూచుని, చిక్కుపడిన గాలం తాడు విప్పుకుంటోంది. "నువ్వే ఒకటి చూసిపెట్టు హెన్నింగ్. ఆ కొట్లో గోడ నిండా రేడియోలే. చూస్తేనే నాకు తల తిరుగుతుంది. చిన్నదిగా ఉంటే చాలు. పాతది మా అమ్మ ఇస్త్రీపెట్టెంత ఉండేది."

నువ్వే చూసిపెట్టు. ఆ మాట పట్టుకుని హెన్నింగ్ ఇంటికి నడిచాడు. దారిలో పక్కింటి కుక్క మొరిగితే దానికి కూడా గుడ్ ఈవినింగ్ చెప్పాడు.

బార్బ్రో ఆ చుట్టుపక్కల ఊళ్లలో మంత్రసానిగా పనిచేసి రిటైరైంది. సగం ఊరు ఆమె చేతుల్లోనే కళ్లు తెరిచింది. మంచు కరిగితే చాలు, సముద్రంలో చిన్న రాతి దిబ్బ మీదున్న తన చెక్క గదికి వెళ్లిపోయి, ఆకులు రాలేదాకా అక్కడే ఉంటుంది. ఆమె పడవ పేరు ఎయ్దెర్. ఆ తీరంలో తిరిగే సముద్రపు బాతు పేరు. దిబ్బ మీద ఫోను సరిగ్గా పలకదు. అందుకే రేడియో లేకపోతే ఆమెకి చెవులు మూసుకున్నట్టే.

స్వీడన్ పశ్చిమ తీరంలో ఆ అఖాతం వాళ్లకి ఒక అలవాటుంది. వేసవిలో రోజూ సాయంత్రం ఏడింటికి పడవలున్న వాళ్లంతా రేడియోలు తెరుస్తారు. ప్రమాదాలకి, ఓడలకి వేరే ఛానెళ్లున్నాయి. వీళ్ల ముచ్చట్లకి మాత్రం ఎల్-రెండు. ఉత్తరపు కొసన ఉన్న ముసలి జాలరి బిర్గెర్ తన పడవ ఫ్రేయా నుంచి మొదలుపెట్టి, గాలి ఎలా ఉందో, ఎన్ని మాకెరెల్ చేపలు పడ్డాయో, మోకాలు ఎలా ఉందో చెప్పి, తర్వాతి పడవని పిలుస్తాడు. ఆ పడవ మాట్లాడి ఆ తర్వాతి దాన్ని పిలుస్తుంది. అలా గొలుసులా మాట దక్షిణానికి సాగిపోతుంది. పిలవకుండా ఎవరూ మాట్లాడరు. పిలిచినా పలకకపోతే ఎందుకని ఎవరూ అడగరు. ఎవరి మౌనం వాళ్లకి వదిలేయడం అక్కడి మర్యాద.

రేడియోలో మనుషుల పేర్లు పలకరు, పడవల పేర్లే పలుకుతారు. హెన్నింగ్ పడవ పేరు సిగ్నే. ఇరవై ఏళ్ల కిందట భార్య పేరే పెట్టుకున్నాడు. "పాతబడితే మార్చేస్తావు కాబోలు, పడవనా, నన్నా?" అని అప్పట్లో ఆమె నవ్వింది. ఆమె పోయి ఆరేళ్లయింది. కూతురు "అమ్మ" అంటుంది. స్నేహితులు అతని మనసు నొప్పిస్తామేమోనని ఆ పేరే ఎత్తరు. కానీ వరసలో బార్బ్రో దిబ్బ తర్వాత వచ్చేది హెన్నింగ్ పడవ. అందుకని ప్రతి వేసవి సాయంత్రం ఒక ఆడగొంతు నీళ్ల మీదుగా "ఎయ్దెర్ నుంచి సిగ్నేకి, సిగ్నేకి" అని రెండుసార్లు పిలిచేది. సిగ్నే పోయాక తన జీవితంలో మిగిలిన మంచి సంగతుల్ని ఎవరైనా లెక్కపెట్టమంటే హెన్నింగ్ దీన్ని మొదటే చెప్పేవాడు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

పడవ సామాన్ల కొట్టు ఉల్రికాది. కొట్టు వెనక నీళ్లు నింపిన బకెట్టొకటి ఎప్పుడూ ఉంటుంది. రేడియో కొనేవాళ్లు ముందు అది తేలుతుందో మునుగుతుందో అందులో వేసి చూసుకోవచ్చు.

మొదటిసారి వెళ్లినప్పుడు హెన్నింగ్ అన్నిటినీ బకెట్లో వేయించాడు. రెండోసారి ఒక్కోదాన్నీ లైఫ్ జాకెట్‌కి తగిలించుకుని కొట్లో అటూ ఇటూ నడిచాడు, బరువుకి జాకెట్ ఒక పక్కకి లాగుతుందేమోనని. మూడోసారి కళ్లద్దాలు తీసేసి అంకెలు చదివాడు. ఆ తర్వాత జేబులోంచి గులాబీ రంగు ఉన్ని చేతితొడుగొకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. బార్బ్రో వసంతంలో అతని పడవలో మరిచిపోయింది.

"నా చేతికి పట్టదు. నువ్వోసారి వేసుకుని ఈ మాట్లాడే మీట నొక్కి చూడు ఉల్రికా. బొటనవేలితో."

"ఇంత మెత్తటి మీట ఎందుకయ్యా నీకు? చెయ్యా, వెన్నముద్దా?"

"నాకు కాదు. ఆ మనిషికి బొటనవేలి కణుపు వాచింది. చలిగాలికి నొప్పి పెడుతుంది."

ఉల్రికా తొడుగు వేసుకుని, పెదవి బిగించి, ఒక్కో మీటా నొక్కుతూ పోయింది. ఆమె నవ్వు ఆపుకుంటోందని హెన్నింగ్‌కి తెలుసు. ఆపుకుంటోంది కదా అని లోపల కృతజ్ఞతగా కూడా అనిపించింది.

"ఇల్లు కొనుక్కునేవాళ్లు కూడా ఇన్నిసార్లు రారు," అంది చివరికి, అరచేతిలో ఇమిడిపోయే నీలం రంగు రేడియో ఒకటి ముందుకు జరుపుతూ. "ఇదే తీసుకో. నీళ్లలో పడితే ముఖం పైకి పెట్టి తేలుతుంది, దీపం కూడా వెలుగుతుంది. మీట మెత్తన. అంకెలు పెద్దవి. బ్యాటరీ రెండు రోజులొస్తుంది. ఇంకోటి చెప్తా విను. బాగుందని ఇంటర్నెట్లో చూసి పరాయి దేశం నుంచి మాత్రం తెప్పించుకోకు. మన ఎల్ ఛానెళ్లు వాటిలో ఉండవు. ఇక్కడ కొంటే నేనే వేసిస్తా. రెండు నిమిషాల పని."

హెన్నింగ్ ఇంటికొచ్చి ఆ నీలం రేడియోని గులాబీ తొడుగులో దూర్చి, పడవ అరలో దాచాడు. ఆ రోజే ఇచ్చేసి ఉంటే ఈ కథే లేదు. కానీ నడివేసవి పండగ దగ్గర్లో ఉంది. ఉప్పుచేపా, కొత్త బంగాళాదుంపలూ, స్ట్రాబెర్రీ కేకూ పెట్టుకుని అంతా రేవు గట్టు మీద కూచునే రోజు. ఆ రోజు ఇవ్వాలనుకున్నాడు. ఇచ్చేటప్పుడు అనవలసిన మాట కూడా తయారుచేసుకున్నాడు. "ఇది మునగదు." అంతే. ఆ రెండు మాటల్ని రోజూ గడ్డం గీసుకుంటూ అద్దం ముందు అనుకునేవాడు.

పండగ రోజు సిక్స్‌టెన్ వచ్చాడు.

సిక్స్‌టెన్ ఆ వసంతంలోనే దక్షిణం వైపు కొత్త పడవల రేవు పక్కన ఇల్లు కొన్నాడు. జీవితమంతా వంటింటి అలమరాలు అమ్మాడట. తెల్లటి పళ్లు, తెల్లటి ప్యాంటు, తెల్లటి పెద్ద పడవ. దాని పేరు ఫార్చునా. అందులో కాఫీ యంత్రం ఉంది. ఇదివరకు మధ్యధరా సముద్రంలో తిరిగేవాడు. ఆ తీరంలో అందరూ అందరినీ నువ్వనే అంటారు. ఈ మనిషిని మాత్రం "మీరు" అని దూరంగా నిలబెట్టే వీలుంటే ఎంత బాగుండునని హెన్నింగ్‌కి మొదటి రోజే అనిపించింది.

"బార్బ్రో! నీకోసం ఇంగ్లండ్ నుంచి తెచ్చా," అంటూ సిక్స్‌టెన్ ఒక డబ్బా విప్పాడు. నల్లగా నిగనిగలాడే చిన్న రేడియో. "దారి చూపిస్తుంది, అలారం కొడుతుంది, ఈ ఎర్ర మీట నొక్కితే నువ్వెక్కడున్నావో తీరరక్షణ వాళ్లకి చెబుతుంది. ఛానెళ్లు నువ్వు మార్చక్కర్లేదు. అదే అన్నిటినీ ఒక్కోటిగా వింటూ పోతుంది."

"అబ్బ! ఇంత చిన్నదా!" అంది బార్బ్రో. చిన్నపిల్లకి గోళీ దొరికినట్టు మురిసిపోయింది.

"పడవకి కాదు, మనిషికి తగిలించాలి. నీళ్లలో పడేది నువ్వు కదా," అని సిక్స్‌టెన్ తనే వంగి ఆమె లైఫ్ జాకెట్‌కి, ఎడమ వైపు, దాన్ని తగిలించాడు. "ఇదిగో, ఇక్కడ. గుండెకి దగ్గరగా."

ఆ తగిలించడానికి ఎంతసేపు పట్టాలో అంతకంటే ఎక్కువే పట్టిందని హెన్నింగ్‌కి అనిపించింది. నోట్లో ఉప్పుచేప చేదైపోయింది. పడవ అరలో, గులాబీ తొడుగులో పడుకున్న నీలం రేడియో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"ఏం హెన్నింగ్, నీకిక తిప్పలు తప్పాయి," అంది బార్బ్రో సంతోషంగా. "నీమీద పడేశాను పాపం. కొట్టుకి వెళ్లావా ఏంటి?"

"లేదులే. తీరలేదు," అన్నాడు.

అప్పుడే డబ్బా అట్ట అతని కాళ్ల దగ్గరికి దొర్లింది. తీసి చూశాడు. అడుగున ఛానెళ్ల పట్టిక అచ్చువేసి ఉంది. పైనుంచి కిందికి చదివాడు. కిందినుంచి పైకి చదివాడు. ఎల్-ఒకటి లేదు. ఎల్-రెండు లేదు. అట్టని మడిచి, చెత్తడబ్బాలో జాగ్రత్తగా వేశాడు.

మొదటి సాయంత్రం బిర్గెర్ వాతావరణమూ మోకాలూ ముగించి, "ఫ్రేయా నుంచి ఎయ్దెర్‌కి, ఎయ్దెర్‌కి," అని పిలిచాడు. జవాబు లేదు. ఇంకోసారి పిలిచాడు. గరగర శబ్దం తప్ప ఏమీ లేదు.

"సరే మరి. ఫ్రేయా నుంచి సిగ్నేకి," అన్నాడు బిర్గెర్. గొంతులో పొగాకు గరగర. సిగ్నే అన్న పేరుని జాలరులు తాడు ముడి లాగినట్టు లాగాడు.

హెన్నింగ్ మీట నొక్కి, గాలి పడమటిదని చెప్పి, మాట దక్షిణానికి పంపించేశాడు. తర్వాత కాఫీ పోసుకుని కూచున్నాడు. ప్రమాదమేమీ లేదు కదా, అనుకున్నాడు. ప్రమాదాలకి వాడే పదహారో ఛానెల్ పనిచేస్తుంది. ఎర్ర మీట పనిచేస్తుంది. ఆమెకేమైనా అయితే తీరరక్షణ వాళ్లు వింటారు. కనక ఇందులో పాపమేమీ లేదు. పైగా ఆ మెరుపుల మనిషికి మన ఛానెల్ సంగతే తెలియదని ఎప్పటికైనా దానంతటదే బయటపడుతుంది. పడనీ. అప్పుడు నీలం రేడియో తీసుకెళ్లి ఇస్తాడు. ఇది మునగదు.

కానీ అది బయటపడలేదు. బార్బ్రో అడగలేదు, ఎందుకంటే అక్కడివాళ్లు అడగరు. వాళ్లూ అడగలేదు, ఎందుకంటే బార్బ్రో కూడా అక్కడి మనిషే. జులై అంతా ఎండ కాసింది. పాలు కొనడానికి బార్బ్రో రేవుకి వచ్చినప్పుడు జనం తలాడించి వాతావరణం గురించి మాట్లాడేవాళ్లు. ఆమె కూడా తలాడించి వాతావరణం గురించే మాట్లాడేది. ఒక్కోసారి ఆమె జాకెట్ మీద ఆ నల్ల రేడియో ఎండకి తళుక్కుమనేది. హెన్నింగ్ కళ్లు దానిమీదికే పోయేవి. ఒకరోజు ఆమె దాన్ని రుమాలుతో తుడుచుకుంటూ కనిపించింది. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు.

"ఆవిడకిప్పుడు వంటింటి అలమరాల వాళ్లతోనే మాటలు," అన్నాడు బిర్గెర్ ఒక పొద్దున, వల విదిలిస్తూ. "మన మాకెరెల్ కబుర్లు ఆవిడ చెవికి ఆనవు."

"అలా అనకు," అన్నాడు హెన్నింగ్.

"మరెలా అనమంటావు? నువ్వు చెప్పు. ఆవిడ పక్కన ఉండేవాడివి నువ్వేగా."

హెన్నింగ్ చెప్పలేదు. చెప్పకపోవడంలో ఒక రుచి ఉందని, ఆ రుచి తనకి అలవాటవుతోందని అతనికి తెలుసు. అది బాగోలేదని కూడా తెలుసు. అయినా రోజూ ఏడింటికి ఆ మౌనం కోసం ఎదురుచూశాడు. ఎయ్దెర్ పలకని ప్రతిసారీ సిక్స్‌టెన్ ఒక మెట్టు దిగినట్టు లెక్క వేసుకున్నాడు.

ఆగస్టు మొదట్లో ఒక పొద్దున బార్బ్రో తన పడవని సిగ్నే పక్కకి తెచ్చి కట్టింది. వచ్చి కూచుంది.

"హెన్నింగ్, నేనేమైనా తప్పు చేశానా?"

"ఏం తప్పు?"

"అదే నాకు తెలీడం లేదు. ఎవరింటికైనా పురుడు పోయడానికి వెళ్లనన్నానా, ఎవర్నైనా ఏదైనా అన్నానా అని రోజూ ఆలోచిస్తున్నా. ఏడింటికి రేడియో పెట్టుకుని కూచుంటాను. ఒక్కళ్లూ పిలవరు. ఓడలు మాట్లాడుకుంటాయి, తీరరక్షణ వాళ్లు వాతావరణం చదువుతారు. మన వాళ్లు మాత్రం లేరు. రేడియోలోంచి ఊరంతా లేచి వెళ్లిపోయినట్టుంది."

హెన్నింగ్ నోరు తెరిచాడు. "కాఫీ పోయనా?" అన్నాడు.

"వద్దు. నువ్వు కూడా పిలవలేదు. సరే, నీ ఇష్టం, నేను అడగను." ఆమె లేచింది. "సిక్స్‌టెన్ వాళ్ల రేవులో పడవ కట్టుకోడానికి చోటుందట. నెలాఖరుకి ఎయ్దెర్‌ని అటు తీసుకుపోదామనుకుంటున్నా. దిబ్బ మీది గదిని మా అక్క కూతురికి ఇచ్చేస్తాను. అక్కడైతే మనుషులు కనీసం గుడ్ మార్నింగ్ చెప్పుకుంటారు."

ఆమె వెళ్లిపోయింది. పడవ ఇంజను చప్పుడు దూరమయ్యేదాకా హెన్నింగ్ కాఫీ గిన్నె చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. సిక్స్‌టెన్‌ని కిందికి దించుతున్నాననుకున్నాడు. తీరా చూస్తే ఆమెని తీసుకెళ్లి అతని గుమ్మంలో దించుతున్నాడు.

ఆ సాయంత్రం ఏడింటికి బిర్గెర్ తన మోకాలి సంగతి చెప్పి, ఒక్క క్షణం ఆగి, "ఇక ఎయ్దెర్‌ని పిలవక్కర్లేదులే. ఫ్రేయా నుంచి సిగ్నేకి," అన్నాడు.

హెన్నింగ్ పలకలేదు. తాడు విప్పి, ఇంజను తిప్పాడు.

ఇంకా పొద్దుంది. దిబ్బ దగ్గరికి వచ్చేసరికి దాని పక్కన తెల్లటి ఫార్చునా లంగరేసి ఉంది. హెన్నింగ్ చెయ్యి దానంతటదే చుక్కానిని వెనక్కి తిప్పబోయింది. ఒక చిన్న పిట్ట వచ్చి పడవ ముందు కొసన వాలి, అతని వైపు చూసి, ఏమీ దొరకదని తెలుసుకుని పోయింది. ఆ కాసేపట్లో పడవ తన వేగం మీద తనే ఒడ్డు చేరింది.

బార్బ్రో, సిక్స్‌టెన్ రాతి మీద బల్ల వేసుకుని రొయ్యలు వొలుస్తున్నారు. మధ్యలో నల్ల రేడియో నిలబెట్టి ఉంది. దాని చిన్న దీపం వెలుగుతోంది. ఎవరూ మాట్లాడుకోవడం లేదు.

"దాన్లో మన ఛానెల్ లేదు," అన్నాడు హెన్నింగ్. పడవలోంచి పూర్తిగా దిగను కూడా లేదు.

"ఏమిటీ?" అంది బార్బ్రో.

"ఎల్-రెండు. బయటి దేశాల రేడియోల్లో ఉండదు. అందుకే నీకు మేం వినపడం, మాకు నువ్వు వినపడవు. బిర్గెర్ రోజూ పిలిచాడు. జులై అంతా పిలిచాడు."

సిక్స్‌టెన్ ముఖం ఎర్రబడింది. "అన్నీ వింటుందని నేనే చెప్పాను. నాకు తెలీదు బార్బ్రో, ఒట్టు. అక్కడ మాకు ఎల్ అనేదే లేదు."

బార్బ్రో అతని వైపు చూడలేదు. "నీకెప్పుడు తెలిసింది హెన్నింగ్?"

ఇవాళే అని చెప్పొచ్చు. ఆ మాట నాలుక మీద సిద్ధంగానే ఉంది.

"పండగ రోజు. డబ్బా అట్ట చూశాను."

రొయ్య పొట్టు ఒకటి గాలికి బల్ల మీద దొర్లింది.

"అంటే రోజూ ఏడింటికి నువ్వక్కడ కూచుని, నేనెందుకు పలకట్లేదో తెలిసే విన్నావు."

"అవును."

"పొద్దున నేనొచ్చి అడిగినప్పుడు కూడా."

"అవును."

"ఇంటికి వెళ్లు," అంది బార్బ్రో. గట్టిగా అనలేదు. నొప్పులు పడే మనిషితో మాట్లాడే గొంతు అది. ఆ మెత్తదనం అతనికి తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

సిక్స్‌టెన్ ఒడ్డుదాకా వచ్చి పడవ తాడు పట్టుకున్నాడు. "దీన్లో ఆ ఛానెల్ ఎవరైనా వేస్తారా?"

"రేవు దగ్గర ఉల్రికా వేస్తుంది. రెండు నిమిషాల పని. నీ పడవలో రేడియోకి కూడా వేయించుకో."

"నామీద కోపమా?"

"కోపం కాదు. కుళ్లు," అన్నాడు హెన్నింగ్. అబద్ధమాడే ఓపిక లేకపోయింది.

సిక్స్‌టెన్ తాడు చుట్టి అతనికి అందించాడు. "రోజూ ఏడింటికి ఆవిడ నన్ను మాట్లాడనివ్వదు, తెలుసా? నోరు మూసుకో, వాళ్లు పిలుస్తారేమో అంటుంది. గంటసేపు అలా కూచోబెడుతుంది. వంటిల్లు కొనడానికొచ్చిన వాళ్లు కూడా నన్ను అంతసేపు కూచోబెట్టలేదు."

మర్నాటి సాయంత్రం బిర్గెర్ నోరు తెరవకముందే అఖాతమంతా ఆమె గొంతు వినిపించింది. "ఎయ్దెర్ ఇక్కడ. నా కొత్త రేడియోలో మన ఛానెల్ లేదర్రా. ఇవాళ వేయించుకొచ్చా. మీరంతా నన్ను వెలేశారనుకున్నాను."

ఒక్కసారిగా పడవలన్నీ వరస మరిచి అరిచాయి. బిర్గెర్ దగ్గాడో నవ్వాడో తెలియలేదు. "నువ్వే మమ్మల్ని వెలేశావనుకున్నాం కదే తల్లీ! ముప్పైసార్లు పిలిచాను. నా గొంతు పోయింది."

"నీ గొంతు నలభై ఏళ్ల కిందటే పోయింది," అంది బార్బ్రో.

హెన్నింగ్ పేరు ఆమె ఎత్తలేదు. అతను చేసింది ఎవరికీ చెప్పలేదు. అంత దయ చూపిస్తుందని అతను అనుకోలేదు. మీట మీద వేలు పెట్టుకుని తన వంతు కోసం కూచున్నాడు.

"ఇక," అంది ఆమె. ఆగింది. "ఎయ్దెర్ నుంచి మోసెన్‌కి."

మోసెన్ సిగ్నే తర్వాతి పడవ. దానిలో ఉండేది కాస్త చెవుడున్న పళ్ల డాక్టరు. వరస తప్పిందని అందరికీ తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరి సంగతి వాళ్లకి. డాక్టరు తన వంతు ముందే వచ్చిందని కంగారుపడి, గాలి గురించి రెండుసార్లు చెప్పాడు. జన్మలో మొదటిసారి హెన్నింగ్‌కి ఒక చెవిటి పళ్ల డాక్టర్ని చూసి కుళ్లు పుట్టింది.

తర్వాతి సాయంత్రమూ అంతే. ఆ తర్వాతా అంతే. పిలవకుండా మాట్లాడకూడదు కనక హెన్నింగ్ మాట్లాడలేదు. ఏడింటికి రేడియో తెరిచి, మిగతావాళ్ల కబుర్లు వింటూ, కాఫీ చల్లార్చుకుంటూ కూచునేవాడు. బార్బ్రో జులై అంతా ఎలా కూచుందో అతనికి ఇప్పుడు తెలుస్తోంది. తెలియవలసిందే అనుకున్నాడు. ఎయ్దెర్ ఇంకా దిబ్బ దగ్గరే ఉంది, దక్షిణానికి పోలేదు. రోజూ పొద్దున లేవగానే ముందు అటే చూసేవాడు. అది కనిపిస్తే ఆ రోజుకి చాలనుకునేవాడు.

ఆగస్టు చివర్లో వాన పట్టింది. వాన పట్టిన రెండో రోజు సాయంత్రం డాక్టరు తన వంతుకి సిద్ధంగా గొంతు సవరించుకుంటూ ఉండగా, బార్బ్రో గాలి గురించీ, నీళ్లు కారుతున్న తన కప్పు గురించీ చెప్పి, ఊపిరి పీల్చుకుంది.

"ఎయ్దెర్ నుంచి సిగ్నేకి, సిగ్నేకి."

హెన్నింగ్ చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టాడు.

"సిగ్నే, నా గులాబీ తొడుగు నీ దగ్గరుందట. ఈ రేడియో మీట కాస్త మెత్తబరచమని ఇవాళ ఉల్రికా దగ్గరికి వెళ్లాను. రాయిలా ఉంది, నొక్కలేక బొటనవేలు చచ్చిపోతోంది. ఆవిడ నన్ను చూసి పగలబడి నవ్వింది. ఒక పెద్దమనిషి పండగకి ముందు వచ్చి, ఆ తొడుగు తనకి వేయించి, కొట్లో ఉన్న మీటలన్నీ నొక్కించాడట. ఆ తొడుగులో ఇంకేదో కూడా ఉందనుకుంటాను. రేపు పొద్దున రెండూ తీసుకురా. నల్లది పడవకి, ఆ వచ్చేది నాకు. క్షమించేశానని అనుకోకు, దానికింకా టైముంది. సిగ్నే, వినిపిస్తోందా?"

హెన్నింగ్ మీట నొక్కాడు. "ఇది" అన్నాడు. అద్దం ముందు అన్నిసార్లు పలికిన రెండో మాట గొంతులోంచి రాలేదు. వేలు మాత్రం మీట మీదే బిగుసుకుపోయింది. అతను నొక్కి ఉంచినంతసేపూ ఆ ఛానెల్లో ఇంకెవరూ మాట్లాడలేరు. అఖాతంలో ఉన్న పడవలన్నీ పడవ కప్పు మీద వాన పడే చప్పుడూ, స్టవ్ మీద కాఫీ గిన్నె బుసబుసలాడే చప్పుడూ వింటూ కూచున్నాయి. ఎవరికీ వేరే దారి లేదు.

చివరికి వేలు వదిలాడు. బిర్గెర్ వెంటనే అందుకున్నాడు.

"నాయనా, మీట నొక్కితే మాట్లాడాలి. లేకపోతే వదలాలి. నీ కాఫీ పొంగిపోయింది, మా అందరికీ వినపడింది, నీకు తప్ప."

నిజంగానే పొంగింది. హెన్నింగ్ లేచి స్టవ్ ఆర్పి, మళ్లీ వచ్చి కూచున్నాడు.

"సిగ్నే నుంచి ఎయ్దెర్‌కి," అన్నాడు. "ఇది మునగదు."

"మునిగితే నువ్వే దూకి తేవాలి," అంది బార్బ్రో.

ఆ మాట అతని లోపల ఎక్కడో మెత్తగా వాలుతుండగానే ఇంకో గొంతు దూరింది. వరసా లేదు, పిలుపూ లేదు. ఆ మనిషికి ఇక్కడి పద్ధతులు ఇంకా పట్టుబడలేదు.

"ఫార్చునా నుంచి అందరికీ! రేపు పొద్దున నేనూ వస్తున్నా దిబ్బకి. యాలకుల బన్నులు తెస్తా. పైన పంచదార లేనివి, బార్బ్రోకి ఇష్టమైనవి."

హెన్నింగ్ రేడియో వైపు గుర్రుగా చూశాడు. పంచదార లేనివి ఆమెకి ఇష్టమని వీడికెవడు చెప్పాడు? తనకే తెలియదే. పడవ అర తెరిచి, తొడుగులోంచి నీలం రేడియో తీసి, బ్యాటరీ నిండిందో లేదో చూసి, మళ్లీ లోపల దూర్చాడు. పొద్దున సిక్స్‌టెన్ కంటే ముందే వెళ్లాలంటే ఎన్నింటికి లేవాలో ఆలోచిస్తూ పొంగిన కాఫీ తుడవడం మొదలుపెట్టాడు.